హలో... ఎవరండీ? ‘హలో’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఎన్నిసార్లు అంటామో లెక్క ఉండదు. అయినా ‘హలో అంటే ఏమిటి?’ అని ఇంట్లో పిల్లాడు అడిగితే తల గోక్కుంటాం. కింద ఉన్నవి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళూ, నేర్పేవాళ్ళూ, ఊరికే కుతూహలం కొద్దీ అడిగేవాళ్ళూ వేసే ప్రశ్నలు. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు అయిపోతుంది. కొన్నిటికి తీరిగ్గా కూర్చోవాలి.

‘హలో’ అంటే అర్థం ఏమిటి?

‘నీళ్ళు’ అన్నా ‘కుర్చీ’ అన్నా కళ్ళముందు ఒక వస్తువు మెదులుతుంది. ‘హలో’ అంటే ఏదీ మెదలదు. మన ‘ఓయ్’, ‘ఇదిగో’, ‘ఏవండోయ్’ ఎలాంటివో అదీ అలాంటిదే. దానికి అర్థం తక్కువ, పని ఎక్కువ. అవతలి మనిషి చెవిని మనవైపు తిప్పడమే ఆ పని.

నేటి ఇంగ్లీషులో ఆ పని అయిదు తీరుల్లో జరుగుతుంది. ఎదురుపడ్డవాళ్ళని పలకరించడం ఒకటి. ఫోన్ ఎత్తగానే అనడం రెండోది. దుకాణంలోకి వెళితే గల్లాపెట్టె దగ్గర ఎవరూ లేరు, అప్పుడు లోపలికి వినపడేట్టు ‘హలో?’ అనడం మూడోది. నాలుగోది బ్రిటన్‌లో ఎక్కువ వింటాం. అనుకోనిది ఏదో కంటబడితే తమలో తామే ‘హలో, ఇదేమిటి ఇక్కడ?’ అనుకుంటారు. అక్కడ ఎవరినీ పలకరించడం లేదు, అది మన ‘అరె!’ అన్నమాట. అయిదోది వెటకారం. చిన్నపిల్లాడికి కూడా తెలిసిన సంగతి తెలియనట్టు ఎవరైనా మాట్లాడితే ‘హలోఓ?’ అని దీర్ఘం తీస్తారు, బుర్రలో ఎవరైనా ఉన్నారా అని తలుపు కొట్టినట్టు. ఈ అయిదోదాన్ని మన కాలేజీ పిల్లలు చాలా బాగా నేర్చుకున్నారు.

ఈ మాట ఎక్కడ పుట్టింది?

కేకలో పుట్టింది. ‘హలో’కి ముందు ఇంగ్లీషులో దాని అన్నదమ్ములు చాలామంది ఉన్నారు: హాలో, హలూ, హల్లో, హిల్లో, హొల్లా. ఇవన్నీ దూరంగా ఉన్నవాళ్ళకి, లేదా జంతువుకి వినపడాలని గొంతెత్తి పెట్టే కేకలు. వేటకి వెళ్ళినవాళ్ళు కుక్కల్ని ఉసిగొల్పడానికి ‘హలూ’ అనేవారు. డేగల్ని సాకేవాళ్ళు ఆకాశంలో తిరుగుతున్న డేగని చేతిమీదికి పిలవడానికి ‘హిల్లో’ అనేవారు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ మొదటి అంకంలో ఒక పాత్ర యువరాజుని ‘హిల్లో’ అని కేకేస్తే, హామ్లెట్ అదే కేకని అందుకుని డేగని పిలిచినట్టు బదులిస్తాడు. చీకట్లో ఎవరెక్కడున్నారో తెలియని ఘట్టం అది. ఆ మాటకి తగిన చోటే.

‘హొల్లా’ మాత్రం ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ ‘ఓ’, ‘లా’ అని రెండు ముక్కలు కలిశాయి. ‘ఓయ్, అక్కడున్నాయనా!’ అన్నట్టు. మిగతావాటి మూలం పాత జర్మన్‌లో ‘తీసుకురా’ అనే అర్థం ఉన్న ఒక క్రియ కావచ్చనీ, ఏటి అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి పిలిచే కేకగా అది వాడుకలో ఉండేదనీ నిఘంటుకారులు ఊహిస్తారు. గోదావరి రేవులో నిలబడి ‘ఓ సరంగూ..!’ అని కేకవేసిన తరం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

హెచ్, ఇ, రెండు ఎల్‌లు, ఓ. సరిగ్గా ఈ అక్షరాలతో ‘హలో’ అచ్చులో కనిపించేది 19వ శతాబ్దంలోనే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చూపే తొలి ఉదాహరణ 1826 నాటి ఒక అమెరికా పత్రికలోది. అంటే ఇంగ్లీషు మాటల్లో ఇది పసిగుడ్డు కింద లెక్క. ‘హాయ్’, ‘హే’ దీనికంటే కొన్ని వందల ఏళ్ళు పెద్దవి. వినడానికి ‘హాయ్’ నిన్న మొన్నటి మాటలా ఉంటుంది గానీ వయసులో అదే అక్క.

గ్రాహంబెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో అట. నిజమేనా?

కాదు. ఈ కథ వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లయినా నా దగ్గరికి వస్తుంది, వెనకాల వయొలిన్ సంగీతంతో సహా. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ మొదటి ఫోన్ తన ప్రియురాలికే చేశాడనీ, ఆమె పేరే పిలిచాడనీ, ఆయన్ని లోకం మరిచిపోయినా ఆమె పేరు మాత్రం అందరి నోళ్ళలో మిగిలిందనీ ఆ కథ.

1876 మార్చి 10న బెల్ టెలిఫోనులో అన్న తొలి మాటలు పక్క గదిలో ఉన్న తన సహాయకుడు థామస్ వాట్సన్‌ని ఉద్దేశించినవి. ‘మిస్టర్ వాట్సన్, ఇలా రండి, మిమ్మల్ని చూడాలి’ అని దాని సారాంశం. అందులో హలో లేదు. ప్రేమ అంతకన్నా లేదు.

బెల్ ప్రేమించి, 1877 జులైలో పెళ్ళి చేసుకున్న మనిషి పేరు మేబెల్ హబ్బర్డ్. అయిదేళ్ళ వయసులో వచ్చిన జ్వరంతో ఆమెకి వినికిడి పూర్తిగా పోయింది. పెదవుల కదలిక చూసి మాటలు అర్థం చేసుకునేది. టెలిఫోను కనిపెట్టినవాడి భార్య ఆ టెలిఫోనులో భర్త గొంతు ఒక్కసారి కూడా వినలేదు. ఇంత కథ నిజంగా ఉండగా మార్గరెట్‌ని సృష్టించాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాదు.

మరి బెల్ ఫోన్‌లో ఏమనేవాడు?

‘అహోయ్’ అనేవాడు. ఓడలవాళ్ళు సముద్రంలో ఇంకో ఓడని పిలిచే కేక అది. అందరూ అదే అనాలని ఆయన కోరిక. లోకం వినలేదు. ఆయన మాత్రం పట్టు విడవకుండా చివరిదాకా ‘హోయ్ హోయ్’ అంటూనే ఫోన్ ఎత్తేవాడంటారు. ఆయన మాట నెగ్గి ఉంటే తెలుగువాళ్ళకి పెద్ద ఇబ్బంది ఉండేది కాదు, ‘హోయ్’ మనకి ఎలాగూ ఉంది.

‘హలో’ని ఫోన్‌లోకి తెచ్చింది ఎవరు?

థామస్ ఎడిసన్ అని చెప్పడానికి గట్టి ఆధారం ఉంది. అప్పటి ఇబ్బందేమిటో ముందు చూడాలి. తొలి టెలిఫోన్లకి గంట లేదు. రెండు చోట్లని కలుపుతూ ఒక తీగ ఉండేది, ఆ లైను ఎప్పుడూ తెరిచే ఉండేది. ఇటువైపు మనిషికి ఏదైనా చెప్పాలనిపిస్తే అటువైపు గదిలో ఎవరైనా ఉన్నారో లేదో తెలిసేదెలా? గంట పెట్టాలా, వద్దా?

1877 ఆగస్టు 15న ఎడిసన్ పిట్స్‌బర్గ్‌లో టెలిగ్రాఫ్ కంపెనీ నడుపుతున్న టి.బి.ఎ. డేవిడ్‌కి చిన్న ఉత్తరం రాశాడు. పిలుపుగంట మనకి అవసరం ఉండకపోవచ్చు, ‘హలో!’ అంటే 10 నుంచి 20 అడుగుల దూరం దాకా వినపడుతుంది, మీరేమంటారు అని అందులో ఉంది. సంతకం పక్కన పరికరం తయారీ ఖర్చు 7 డాలర్లేనని కూడా రాసుకున్నాడు. ఎంతైనా వ్యాపారి.

ఈ ఉత్తరం వందేళ్ళకు పైగా కాగితాల కట్టల్లో పడి ఉంది. అలెన్ కోనిగ్స్‌బర్గ్ అనే పరిశోధకుడు ఏటీ అండ్ టీ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీ పాత దస్తావేజుల్లో దాన్ని పట్టుకున్నాక గానీ ఈ చిక్కు విడలేదు. ఎడిసన్ ఈ మాటని కొత్తగా పుట్టించలేదు. వాడుకలో ఉన్న కేకని ఫోన్ దగ్గరికి తెచ్చాడంతే. ఆయనకి చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ. గట్టిగా అరిచే మాటనే ఎంచుకోవడంలో దాని వాటా ఎంతో మరి!

ఉత్తరంలో ఆయన అన్న అర్థం జాగ్రత్తగా చూడండి. ‘నమస్కారం’ అనే ఉద్దేశం అందులో లేదు. ‘అక్కడ ఎవరైనా ఉన్నారా?’ అని పిలవడం, అంతే. గంటకి బదులుగా మనిషి గొంతు. తర్వాతి రోజుల్లో పిలుపుగంట రానే వచ్చింది, అయినా హలో పోలేదు.

అది అందరికీ ఎలా అలవాటైంది?

1878 జనవరి 28న అమెరికాలోని న్యూహేవెన్‌లో వ్యాపార టెలిఫోన్ ఎక్స్ఛేంజి, అంటే చందాదారుల లైన్లని ఒకదానితో ఒకటి కలిపే కేంద్రం, మొదలైంది. అప్పటికి చందాదారులు 21 మంది. జనానికి ఈ వస్తువుతో ఎలా మసలుకోవాలో తెలియదు కనుక అదే ఏడాది నవంబరులో వేసిన డైరెక్టరీలో సూచనలు అచ్చువేశారు. సంభాషణ ‘హల్లోవా’ అని మొదలుపెట్టండి, ముగిశాక ‘అంతే’ అనండి, అవతలివారు ‘ఓకే’ అనాలి అని. ఒక్కోసారి మూడు నిమిషాలకి మించి మాట్లాడొద్దనీ ఉంది. మా ఇంట్లో ఆ నియమం పెడితే ఏమవుతుందో ఊహించుకుంటే నవ్వొస్తుంది.

ఎక్స్ఛేంజిల్లో మొదట కుర్రాళ్ళని పెట్టారు. వాళ్ళు చందాదారులతో గొడవపడటం, అల్లరి చేయడంతో 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని తీసుకున్నారు. తొలి మహిళా ఆపరేటరు ఆమే. ఆ తర్వాత ఆ ఉద్యోగం దాదాపు ఆడవాళ్ళదే అయిపోయింది, వాళ్ళకి ‘హలో గర్ల్స్’ అనే పేరు పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన రెండు వందల మందికి పైగా ఆపరేటర్లని 1918లో ఫ్రాన్స్‌కి పంపింది. యూనిఫాం వేయించింది, ప్రమాణం చేయించింది, ఫిరంగులు పేలుతుంటే లైన్లు కలిపించింది. తీరా ఇంటికి వచ్చాక మీరు సైనికులే కాదు పొమ్మంది. వాళ్ళకి మాజీ సైనికుల గుర్తింపు 1977లో దక్కింది. అప్పటికి బతికున్నవాళ్ళు కొద్దిమందే.

పెద్దమనుషులు అప్పుడే ఒప్పుకున్నారా?

లేదు. వేటకుక్కల్ని తోలే కేకతో ఇంటి ఇల్లాలిని పిలవడమేమిటని మర్యాదస్తులు నొచ్చుకున్నారు. ‘హలో’ మానేసి ఎవరికివారు తమ పేరో, కంపెనీ పేరో చెప్పండి అని టెలిఫోన్ కంపెనీలే కొంతకాలం పోరాయి. జనం విన్నట్టు తల ఊపి హలో అనే అన్నారు.

మన దేశానికి ఎప్పుడు వచ్చింది?

1882 జనవరి 28న కలకత్తాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. బొంబాయి, మద్రాసుల్లోనూ అప్పుడే. కలకత్తాలో తొలి చందాదారులు 93 మంది. న్యూహేవెన్ తర్వాత సరిగ్గా నాలుగేళ్ళకి, అదే తేదీన. టెలిఫోనుతో పాటే ఆ మాటా ఓడ దిగి ఉండాలి.

తెలుగు పల్లెల్లోకి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఊరంతటికీ ఒకటో రెండో ఫోన్లు ఉన్న కాలంలో శుభలేఖల మీద కూడా ‘పి.పి.’ అని పక్కింటివాళ్ళ నంబరు వేసేవాళ్ళు. ఫోన్ వస్తే వాళ్ళ పిల్లాడు పరిగెత్తుకొచ్చి ‘పిన్నీ, మీకు ఫోనొచ్చింది!’ అనేవాడు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వెళ్ళి, రిసీవరు తిరగేసి పట్టుకుని, ‘అలో!’ అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచేవాళ్ళు. ఎంత దూరం నుంచి మాట్లాడుతుంటే అంత గట్టిగా అరవాలని నమ్మకం. నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే ఎడిసన్ ఉద్దేశించిన హలో అచ్చంగా అదే.

శాకుంతలంలో ‘హలా శకుంతలే’ అని ఉంది కదా, హలో మన సంస్కృతం నుంచే వెళ్ళిందా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు కనీసం శాకుంతలం చదివినవాళ్ళు, అందుకు సంతోషం. నిజమే, కాళిదాసు నాటకంలో అనసూయ, ప్రియంవద తమ చెలికత్తెని ‘హలా’ అని పిలుస్తారు. అమరకోశంలోనూ ఉంది: ‘హండే, హంజే, హలాహ్వానే నీచాం చేటీం సఖీం ప్రతి’. తక్కువ స్థాయి ఆడమనిషిని పిలవాలంటే హండే, దాసిని పిలవాలంటే హంజే, స్నేహితురాలిని పిలవాలంటే హలా. మన ‘ఏమే’, ‘ఒసే’ లాంటిదన్నమాట, ఆడవాళ్ళ మధ్యే చెల్లే చనువు పిలుపు.

అయినా దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇంగ్లీషు హలో ఏ రూపాల మీదుగా వచ్చిందో పైన చూశాం, ఆ దారిలో సంస్కృతం తగలదు. మరి ఇంత పోలిక ఎలా? మనిషి దూరంగా ఉన్నవాణ్ణి పిలవాలంటే నోరు తెరిచి, ఊపిరి వదిలి, అచ్చుని సాగదీయాలి. ‘హ’, ‘ఓ’, ‘ఆ’, ‘లా’ వంటి ధ్వనులు అందుకు అనువైనవి. అందుకే ఏ భాషలో చూసినా పిలుపుమాటలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. మన ఓహో, ఆహా, ఓలా, ఓలమ్మీ కూడా ఆ కోవే. పోలికని చూసి బంధుత్వం కలపడం సంబంధాలు చూసేవాళ్ళకి పనికొస్తుంది గానీ భాషాశాస్త్రంలో నిలవదు.

హంగేరీ మాట అని కూడా విన్నాను?

వాళ్ళకీ ఒక కథ ఉంది. ఎడిసన్‌తో కలిసి పనిచేసిన హంగేరీ ఇంజనీరు తివదర్ పుష్కాష్ ఫోన్‌లో ‘హల్లోమ్’ అన్నాడని, దాని అర్థం ‘వినపడుతోంది’ అని. బాగా అతికింది, కానీ హలో రూపాలు ఆయన పుట్టకముందు నుంచే అచ్చులో ఉన్నాయి.

‘హలో’లో ‘హెల్’ ఉందట, అనకూడదట?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో క్లెబర్గ్ కౌంటీ అధికారులు 1997లో నిజంగానే ఈ మాట మీద చర్చించి, ‘హెవెన్-ఓ’ని తమ కౌంటీ అధికారిక పలకరింపుగా తీర్మానించారు. నరకాన్ని తీసి స్వర్గాన్ని పెట్టారు. మాటల పుట్టుకతో దీనికి ఏ సంబంధమూ లేదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ లెక్కన ‘షెల్’, ‘స్మెల్’ ఏం పాపం చేశాయి?

మహారాష్ట్రలో హలోని నిషేధించారా?

నిషేధం కాదు. అక్కడి ప్రభుత్వం 2022 అక్టోబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయంతో నడిచే సంస్థల ఉద్యోగులు ఫోన్‌లో ‘హలో’కి బదులు ‘వందేమాతరం’ అనాలని కోరింది. మన దగ్గర ఉత్తర్వులు లేకుండానే ఇలాంటివి జరుగుతుంటాయి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకి ఫోన్ చేస్తే ‘స్వామి శరణం’ అంటారు. ‘సాయిరాం’ అనేవాళ్ళున్నారు, ‘జై భీమ్’ అనేవాళ్ళున్నారు, ‘ప్రైజ్ ది లార్డ్’ అనేవాళ్ళున్నారు. లైను సరిగ్గా కలవకపోతే మాత్రం రెండో మాటగా అందరూ ‘హలో, హలో’ అనే అంటారు. గమనించి చూడండి.

‘హలో’కి తెలుగు మాట ఏమిటి?

ఎక్కువమంది చెప్పే జవాబు ‘నమస్కారం’. నాకు అది సరైన జవాబు అనిపించదు.

మనం ఇంగ్లీషు నుంచి హలోని తీసుకున్నాం గానీ దాని అయిదు పనుల్లో ఎదురెదురు పలకరింపు అనే పనిని దాదాపు వదిలేశాం. సందులో మేనమామ ఎదురైతే ‘హలో మావయ్యా’ అనం. ‘ఏం మావయ్యా, ఇటు వచ్చావు?’ అంటాం. ‘ఎప్పుడొచ్చారు?’, ‘బాగున్నారా?’, ‘అన్నం తిన్నావా?’, తెలంగాణలో అయితే ‘ఏమన్నా, మంచిగున్నవా?’. మన పలకరింపు ఎప్పుడూ ఒక ప్రశ్న, దాని చివర ఒక వరస. చుట్టరికం లేనివాళ్ళకి కూడా అన్నో, అక్కో, బాబాయో, పెద్దమ్మో తగిలించి గానీ నోరు తెరవం. హలోలో ఆ వరసకి చోటు లేదు, అందుకే అది ముఖాముఖిలో వెలితిగా వినపడుతుంది.

మనం హలోని వాడే చోట్లు చూడండి. ఫోన్‌లో. మైకు ముందు: పెళ్ళి షామియానాలోనో, జాతరలోనో ‘హలో... హలో... మైక్ టెస్టింగ్, వన్, టూ, త్రీ’. పేరు తెలియని మనిషి పర్సు పడేసుకుని వెళ్ళిపోతుంటే వెనక నుంచి ‘హలో మాస్టారూ!’. బస్సు క్యూలో ఎవరైనా మధ్యలో దూరితే ‘హలో, మేం కనపడటం లేదా?’. అన్నీ కేకలే. అన్నిటి అర్థమూ ‘ఇటు చూడు’, ‘వినపడుతోందా?’ అనే. ఇంగ్లీషువాళ్ళు వందేళ్ళలో దాన్ని మెత్తని పలకరింపుగా మార్చేసుకున్నారు. పాత కేక మన దగ్గర భద్రంగా ఉంది.

కనుక ‘హలో’కి తెలుగు మాట కావాలంటే ఫోన్‌లో ‘చెప్పండి’, వీధిలో ‘ఏవండోయ్’, చనువుంటే ‘ఒరేయ్’. వీటిలో ఏదీ హలో చేసే ఇంకో మేలు చేయదు. కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు అవతల ఉన్నది కలెక్టరో, చిన్నప్పటి నేస్తమో తెలియదు. ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా? తెలుగులో నోరు తెరిస్తే ఏదో ఒకటి తేల్చుకోవాలి. హలో అంటే ఆ తీర్పు రెండు క్షణాలు వాయిదా పడుతుంది. గొంతు గుర్తుపట్టాక ‘చెప్పరా’ అనో ‘చెప్పండి సార్’ అనో దిగొచ్చు. ఈ వెసులుబాటు కోసమే ఆ మాటని మనం వదులుకోలేదని నా అనుమానం.

సరైన ఉచ్చారణ ఏది? హలో, హెలో, హల్లో, అలో?

ఇంగ్లీషులో మొదటి అక్షరాన్ని తేలిగ్గా అని, ‘లో’ మీద ఊనిక పెడతారు. మొదటి అచ్చు ‘హె’కీ ‘హ’కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, రెండూ చెల్లుతాయి. తెలుగు రాతలో ‘హలో’ స్థిరపడింది. ‘హల్లో’ అని ఒత్తితే కాస్త హుషారు, లేదా కాస్త కోపం. ‘అలో’ని తప్పని నవ్వకండి. హోటలుని ‘ఓటలు’ అన్నట్టే ఇక్కడా మొదటి ‘హ’ జారిపోయింది. ఫ్రెంచివాళ్ళు ఫోన్ ఎత్తితే అనేదీ ‘అలో’నే, వాళ్ళని చూసి ఎవరూ నవ్వరు.

హలో, హాయ్, హే: తేడా ఏమిటి? ఆఫీసు మెయిల్‌లో ఏది రాయాలి?

‘హే’ బాగా చనువున్నవాళ్ళ మధ్య. ‘హాయ్’ తోటి ఉద్యోగులతో, రోజూ మాట్లాడేవాళ్ళతో. ‘హలో’ ఈ రెండిటికంటే ఒక మెట్టు మర్యాద ఎక్కువ. ముఖపరిచయం లేనివాళ్ళకి రాసేటప్పుడు హలో తర్వాత వాళ్ళ పేరు రాస్తే ఎక్కడా ఇబ్బంది ఉండదు. ఉద్యోగ దరఖాస్తు, అధికారిక లేఖ అయితే ‘డియర్’ వాడండి. మనవాళ్ళు ఎక్కువగా రాసే ‘రెస్పెక్టెడ్ సర్’ మన దేశంలో చెల్లుతుంది, బయటివాళ్ళకి వింతగా కనిపిస్తుంది. చాట్‌లో ఒట్టి ‘హలో’ అని పంపి, అవతలివాళ్ళు బదులిచ్చేదాకా అసలు విషయం చెప్పకుండా కూర్చునే అలవాటు ఉంటే మానుకోండి. ఎదుటివాళ్ళు పని ఆపుకుని మీ రెండో మెసేజి కోసం ఎదురుచూస్తుంటారు.

పెద్దవాళ్ళతో హలో అంటే తప్పా?

ఇంగ్లీషులో తప్పు కాదు. తెలుగింట్లో ఎదురుగా అంటే చిన్నబుచ్చుకునేవాళ్ళు ఉంటారు, ‘నమస్కారమండీ’ అంటే సరిపోతుంది. అయితే డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో వీడియో కాల్‌లో మనవరాలు ‘హలో తాతయ్యా’ అంటే ఏ తాతయ్యా పట్టించుకోడు. ‘తాతయ్యా’ అన్న ముక్క చాలు.

వేరే దేశాల్లో ఫోన్ ఎత్తగానే ఏమంటారు?

జపాన్‌లో ‘మోషి మోషి’, ‘అంటున్నాను, అంటున్నాను’ అని దాని మూలార్థం. ఇటలీలో ‘ప్రోంతో’, అంటే ‘సిద్ధం’. జర్మనీలో చాలామంది ఇంటిపేరు చెబుతారు. చైనాలో ‘వెయ్’. మెక్సికోలో ‘బ్వేనో’, అంటే ‘మంచిది’. నాకు బాగా నచ్చింది స్పెయిన్‌ది. అక్కడ ‘దీగా’ అంటారు, అంటే ‘చెప్పండి’. మనం అనేది కూడా అదే కదా!

కంప్యూటర్ పాఠాల్లో మొదటి ప్రోగ్రాం ‘హలో వరల్డ్’ ఎందుకు?

అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్ళినవాళ్ళకి ఇది కొత్త కాదు. తెరమీద ‘హలో, వరల్డ్’ అని అచ్చయితే మొదటి గండం గడిచినట్టు. దీన్ని వ్యాప్తిలోకి తెచ్చింది బ్రయన్ కెర్నిగన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త. 1970ల తొలి సంవత్సరాల్లో బెల్ ల్యాబ్స్‌లో ఆయన రాసిన పాఠాల్లో మొదలై, డెనిస్ రిచీతో కలిసి 1978లో రాసిన ‘సి’ అనే ప్రోగ్రామింగ్ భాష పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. హలోని జన్మంతా ఒప్పుకోని బెల్ పేరు మీద ఉన్న ప్రయోగశాల నుంచే ఇది రావడం తమాషా. ప్రోగ్రాం చేసే పని కూడా పాతదే. యంత్రం పలుకుతోందా లేదా అని చూసుకోవడం, మైక్ టెస్టింగ్ లాగా.

‘హలో దినోత్సవం’ ఉందా?

ఉంది, నవంబరు 21. అరబ్బులకీ ఇజ్రాయెల్‌కీ మధ్య యుద్ధం జరిగిన 1973లోనే మొదలైంది. తగాదాలు మాటలతో తీర్చుకోవాలని గుర్తుచేస్తూ ఆ రోజు కనీసం పదిమందిని పలకరించాలని దాని నియమం.

సెల్‌ఫోన్లు వచ్చాక హలో తగ్గిపోయిందా?

తెలిసినవాళ్ళతో తగ్గింది. తెరమీద పేరు కనపడుతుంటే ‘ఎవరు?’ అనే అనుమానమే లేదు, నేరుగా ‘ఆఁ, చెప్పు’ అనే దిగుతున్నాం. కొత్త నంబర్లతో ఉంది, మోసపు కాల్స్ భయంతో కొందరు అదీ అనకుండా అవతలివాళ్ళు మాట్లాడేదాకా ఊరుకుంటున్నారు. లిఫ్టులోకి అడుగుపెట్టినప్పుడూ, రైలు ఘాట్‌రోడ్డు పక్క సొరంగంలో దూరినప్పుడూ, జూమ్ మీటింగు మొదలయినప్పుడూ మాత్రం ‘హలో, హలో, వినపడుతోందా?’ యథాతథం.

హలోతో మొదలైతే ముగించేటప్పుడు ఏమనాలి?

ఇంగ్లీషులో ‘గుడ్‌బై’. అది ‘దేవుడు నీకు తోడుండుగాక’ అనే దీవెన 16వ శతాబ్దంలో అరిగి అరిగి మిగిలిన ముక్క. తెలుగులో ఫోన్ పెట్టేయడానికి సూటి మాట లేదు. ‘సరే మరి’, ‘ఇంకేంటి?’, ‘అయితే ఉంటా’, ‘అన్నట్టు చెప్పడం మర్చిపోయాను’, మళ్ళీ ఒక పావుగంట, మళ్ళీ ‘సరే మరి’. చివరికి వెళ్ళిపోతూ ‘ఉంటాను’ అంటాం.